ఆకలేస్తేనే ఊగే రొయ్య: భవానీ నగర్ తొట్టి డైరీ

ఫిబ్రవరి 9

తొట్టి వచ్చింది. మూడడుగుల పొడవు, పదిహేను అంగుళాల వెడల్పు, అంతే ఎత్తు. లెక్కకు 130 లీటర్లు. రాళ్లూ ఇసుకా పోతే వంద దాటడం కష్టం. రెండో అంతస్తుకు మోసుకొచ్చిన అబ్బాయిలకు టీ ఇస్తుంటే ఒకతను "ఏం చేపలు పెడతారక్కా?" అనడిగాడు. రొయ్యలు అన్నాను. అతను మా ఆయన వైపు జాలిగా చూసి టీ తాగేశాడు.

ఈ పిచ్చి ఇప్పటిది కాదు. జువాలజీ చదివేటప్పుడు లైబ్రరీలో ఒక బొమ్మ చూశాను. మలుగుపాములాంటి మోరే ఈల్ నోరు బార్లా తెరుచుకుని ఉంది. దాని పళ్ల మధ్య, ఎర్రటి వీపు మీద తెల్లటి చారతో ఒక చిన్న రొయ్య నిలబడి ఉంది. నోటి దాకా వచ్చిన రొయ్యను ఎవరైనా వదులుకుంటారా? చిన్నాయన ఇంట్లో రొయ్యల వేపుడు మీద పెరిగినదాన్ని, నాకైతే అంతు పట్టలేదు. తర్వాత బ్యాంకు ఉద్యోగం, పెళ్లి, పాప. ఆ నోరు మాత్రం అట్లాగే తెరుచుకుని ఉండిపోయింది.

ఆ రొయ్య పేరు లైస్మాటా అంబోయినెన్సిస్. ఇండోనేషియాలోని అంబోన్ దీవి పేరు మీద వచ్చింది. ఎర్ర సముద్రం నుంచి పసిఫిక్ దాకా పగడపు దిబ్బల మీద, రాళ్ల సందుల్లో ఉంటుంది. ఐదారు సెంటీమీటర్లకు మించదు. సందు ముందర నిలబడి తెల్లటి పొడుగు మీసాలు ఊపుతుంది. చేపలు వచ్చి ఆగుతాయి. ఒంటి మీదికెక్కి పురుగులూ చచ్చిన చర్మమూ ఏరుకు తింటుంది. అందుకే దీన్ని క్లీనర్ రొయ్య అంటారు. నేను తేల్చుకోవాల్సింది ఒక్కటే: తిరుపతి భవానీ నగర్‌లో, అద్దాల తొట్టిలో, వేళకు మేత పడే చోట కూడా అది ఈ పని చేస్తుందా?

ఫిబ్రవరి 16

రాళ్లు సర్దాను. ఇవి పగడపు రాళ్లు కావు, అచ్చు పోసి చేసినవి. అసలువి దొరకవా అని మా ఆయన అడిగాడు. దొరికినా తేకూడదు. 2001 నుంచి దిబ్బలు కట్టే పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులి ఉన్న చోటే. పైగా మన ఆంధ్ర తీరంలో చెప్పుకోదగ్గ పగడపు దిబ్బలు లేవు. వాటికి వెచ్చటి తేట నీళ్లు కావాలి, మన నదులేమో ఏటా అంత ఒండ్రు తెచ్చి కుమ్మరిస్తాయి. దగ్గర్లో చూడాలంటే రామేశ్వరం నుంచి తూత్తుకుడి దాకా ఉన్న మన్నార్ సింధుశాఖకు పోవాలి. అక్కడి 21 దీవుల చుట్టూ ఉన్నాయి. తిరుపతి నుంచి వంద కిలోమీటర్లు తూర్పుగా పోతే మనకు సముద్రమైతే వస్తుంది, ఈ రొయ్య రాదు.

నీళ్ల పని పొద్దంతా పట్టింది. మా వీధికి వచ్చే నీళ్లు ఒక వారం తియ్యగా ఉంటాయి, ఒక వారం బోరు నీళ్లు. రెండూ పనికిరావు. ఆర్వో నీళ్లలో లీటరుకు 35 గ్రాముల లెక్కన సముద్రపు ఉప్పు మిశ్రమం కలిపాను. బకెట్లలోకి కిలోల కొద్దీ ఉప్పు పోస్తుంటే పాకాల నుంచి వచ్చిన అవ్వ తలుపు దగ్గర నిలబడి చూసింది. "ఏమ్మే, ఊరగాయ పెడతా ఉండావా?"

మార్చి 2

తొట్టిలో ఇంకా ఏ ప్రాణీ లేదు. చిటికెడు మేత వేసి కుళ్లనిస్తున్నాను. ముందు అమ్మోనియా పుడుతుంది, దాన్ని తినే బాక్టీరియా పెరిగి నైట్రైట్ చేస్తాయి, దాన్ని తినేవి ఇంకో రకం వచ్చి నైట్రేట్ చేస్తాయి. ఈ గొలుసు కుదురుకోవడానికి నాలుగైదు వారాలు. ఖాళీ తొట్టికి లైటు వేసి రోజూ చూసే ఇల్లు మాదే అయ్యుంటుంది.

చిన్నాయన వచ్చాడు. వాకాడు దగ్గర ఆయనకు వనామీ రొయ్యల గుంటలున్నాయి. జేబులోంచి సెలినిటీ, అంటే నీటి ఉప్పదనం చూసే గొట్టం తీసి, చుక్క వేసి, కిటికీ వైపు తిప్పి చూశాడు. "నలభై ఉండాది గదమ్మీ! మా గుంటల్లో పదిహేనుంటే చాలు." నా లెక్క ప్రకారం 35 ఉండాలి. కాసేపు వాదించుకున్నాం. చివరికి ఆర్వో నీళ్ల చుక్క వేసి చూస్తే సున్నా రావాల్సింది ఐదు చూపించింది. ఎప్పుడు సరిచేశావు చిన్నాయనా అంటే, "కొన్నప్పుడు అంగడోడు చేసిచ్చినాడు" అన్నాడు. ఎన్నేళ్లయిందో అడగలేదు. చిన్న స్క్రూ తిప్పి సున్నాకు తెచ్చి ఇచ్చాను. గుంటల్లో రెండు మూడు అటూ ఇటూ అయినా వనామీ ఓర్చుకుంటుంది. దిబ్బ మీది రొయ్య ఓర్చుకోదు. అక్కడ సముద్రం ఏడాది పొడవునా దాదాపు ఒకే ఉప్పదనంతో ఉంటుంది.

మార్చి 30, ఉగాది

అమ్మోనియా సున్నా. నైట్రైట్ సున్నా. పచ్చడి బాగా కుదిరింది.

ఏప్రిల్ 12

చెన్నై కొళత్తూరు పోయి వచ్చాం. రంగు చేపల వ్యాపారానికి అది పెట్టింది పేరు, వీధులకు వీధులే తొట్లు. ఒక అంగట్లో ఆరు క్లీనర్ రొయ్యలుంటే వాటిని అరగంట చూశాను. మీసాలు రెండు జతలూ పూర్తిగా ఉన్నవి, నా వేలు అద్దం మీద పెడితే దగ్గరికొచ్చినవి రెండు తీసుకున్నాను. ఒక్కోటి 1,600. ఫోన్లో చెబితే చిన్నాయన చాలాసేపు మాట్లాడలేదు. "వంద కౌంటు (కిలోకు వంద) రొయ్యకు రేటు లేదని మేము ఏడస్తా ఉంటే, రెండు రొయ్యలకు మూడు వేలా!"

ఇవి ఎక్కడివని అడిగితే ఇండోనేషియా సరుకన్నాడు అంగడతను. అంటే ఏదో దిబ్బ సందులోంచి చేత్తో పట్టి పంపినవి. ఈ వ్యాపారంలో దొరికే క్లీనర్ రొయ్యల్లో ఎక్కువ భాగం సముద్రంలో పట్టినవే. ఆ సంగతి తెలిసే కొన్నాను, తప్పించుకోవడానికి సాకేమీ లేదు. ఎందుకు పెంచి అమ్మలేకపోతున్నారో జూలైలో నాకే తెలిసొచ్చింది, అక్కడ రాస్తాను. వీటితో పాటు క్లౌన్ చేపలు రెండు కొన్నాను. అవి తొట్లలో పుట్టి పెరిగినవి.

పుత్తూరులో బస్సాగితే సంచీ ఎత్తి పాప రెండుసార్లు లెక్క పెట్టింది. ఇంటికొచ్చాక సంచీ నీళ్లు గిన్నెలో పోసి, సన్నటి గొట్టానికి ముడి వేసి, తొట్టి నీళ్లు చుక్కచుక్కగా రెండు గంటలు వదిలాను. సెలైన్ ఎక్కించినట్టే. ఆలస్యమైనా ఈ పని మానకూడదు.

ఏప్రిల్ 20

వారమైంది. రెండూ ఒకే రాతి కింద తలకిందులుగా వేలాడుతున్నాయి. బయటికి మీసాలు మాత్రమే. క్లౌన్ చేపలు వాటి వైపే పోవు. నాలుగు గింజలు మేత వేస్తే మాత్రం రెండూ దొంగల్లా ఉరికి వచ్చి, చేప నోటి ముందర నుంచే లాక్కుపోతున్నాయి. శుభ్రం చేసేవాళ్లను తెస్తే జేబులు కొట్టేవాళ్లు వచ్చారు.

సాయంత్రం రాయి సర్దడానికి చేయి ముంచాను. పెద్దది వచ్చి నా చూపుడు వేలి మీదికెక్కింది. ముందరి సన్న కాళ్లతో గోటి అంచు గీకింది. చర్మం లేచిన చోట పట్టి పీకింది. నొప్పి కాదు, చీమ నడిచినట్టు. పది నిమిషాలు కదలకుండా నిలబడ్డాను. బొమ్మలోని మోరే ఈల్ ఎందుకు మింగదో ఇంకా తెలియదు కానీ, నోరు ఎందుకు తెరుచుకుని ఉంటుందో కొంచెం తెలిసింది.

ఏప్రిల్ 27

పాప ఏడుపుతో లేచాను. ఇసుక మీద రొయ్య వెల్లకిలా పడి ఉంది, కదలదు. గరిటెతో తీస్తే గాలంత తేలిక, లోపల ఏమీ లేదు. గుల్ల విడిచింది. అసలు రొయ్య రాతి కింద మెత్తటి ఒంటితో దాక్కుంది. చిన్నాయనకు వీడియో కాల్ చేస్తే పాపకు ఆయనే పాఠం చెప్పాడు: "అమావాస్యకు మా గుంటల్లో లచ్చ రొయ్యలు గుల్ల మారస్తాయి పాపా. ఒక్కదానికన్నా ఏడిస్తే మేము బతకలేం."

గుల్లను ఎండబెట్టి అగ్గిపెట్టెలో దాచింది పాప. వీపు మీది తెల్ల చార ఇందులో లేదేమని అడిగింది. మంచి ప్రశ్న. ఆ తెలుపు గుల్లలో ఉండదు, గుల్ల కింది కణాల్లో ఉంటుంది. ఐసోజాంథోప్టెరిన్ అనే పదార్థంతో చేసిన, కంటికి కనపడనంత చిన్న గుండ్రటి గోళీలు ఆ కణాల నిండా ఉంటాయి. 2023లో ఇజ్రాయెల్ పరిశోధకులు ఈ రొయ్యనే పట్టుకుని చూపించారు: అంత తెల్లదనానికి మామూలుగా మందపాటి పూత కావాలి, దీనికి మిల్లీమీటరులో రెండు వందల వంతు కూడా అక్కర్లేదు. సున్నం కొట్టించిన గోడకు మూడు కోట్లు పడ్డాయని మా ఆయన గుర్తు చేశాడు.

మే 4

మూడో చేప వచ్చింది. కోరల్ బ్యూటీ అంటారు, ఊదా రంగు ఒంటికి నారింజ పొట్ట. దానికి ఈ తొట్టి ఇరుకు, ఆ మాట ఒప్పుకునే రాస్తున్నాను. పదిహేను రోజులు వేరే టబ్బులో ఉంచి చూసి వేయాలని నియమం. నేను అరగంటలో వేసేశాను. ఈ వాక్యం కింద గీత గీయండి.

కానీ రాత్రి తొమ్మిదికి అది పోయి రాతి ముందర ఆగింది. తల కిందికి వంచి, రెక్కలు విప్పి, నిశ్చలంగా. పెద్ద రొయ్య మీసాలు ఊపుతూ వచ్చి దాని చెంప మీదికెక్కింది. సరిగ్గా పదకొండు సెకన్లు. చేప ఒళ్లు జలదరించినట్టు కదిలింది, రొయ్య దూకేసింది. క్యూ కాంప్లెక్సులో నిలబడినట్టుందని మా ఇంట్లో అందరూ అనేశారు కాబట్టి నేను అనను.

మే 6 నుంచి 17

ఇప్పుడు అసలు పని. రొయ్య కొన్నిసార్లు నాలుగు కాళ్ల మీద పాతుకుని ఒళ్లు అటూ ఇటూ ఊపుతుంది. ఆస్ట్రేలియాలో బెకర్, కర్టిస్, గ్రటర్ అనే ముగ్గురు 2005లో దీని మీద ఒక పత్రం రాశారు. వాళ్లు చూసింది వేరే జాతి, యూరోకారిడెల్లా. అందులో తేలింది: ఆకలితో ఉన్న రొయ్యలు, కడుపు నిండిన వాటికన్నా ఎక్కువసేపు ఊగుతాయి, ఊగుతున్న రొయ్య దగ్గరికి చేపలు ఎక్కువగా వస్తాయి. అంటే అది "రండి, అంగడి తీశాను" అనే పిలుపు.

నా పద్ధతి: రాత్రి తొమ్మిదింటికి పది నిమిషాలు. ఒక రోజు మేత వేసిన గంటకు, ఇంకో రోజు ఒకటిన్నర రోజు మేత ఆపి. పెద్ద రొయ్య ఊగుడు పాప లెక్క, చేప ఆగడం నా లెక్క. మేత పడిన రోజుల్లో ఊగుడు: 0, 2, 1, 0. మేత లేని రోజుల్లో: 7, 11, 4, 9. చేప ఆగి ఒళ్లు అప్పగించింది కడుపు నిండిన నాలుగు రోజుల్లో ఒక్కసారి, ఆకలి రోజుల్లో ఆరుసార్లు.

అంకెలు ముచ్చటగా ఉన్నాయి కానీ నేనే నమ్మను. రొయ్యకు మేత ఆపితే చేపకూ ఆగినట్టే. చేప వచ్చింది ఊగుడు చూసా, ఆకలికి ఊరికే తిరుగుతూనా? రెండింటినీ విడదీయాలంటే రొయ్యను గాజు గిన్నెలో పెట్టి విడిగా మేపాలి. మే 13న ప్రయత్నించాను. గిన్నెలోంచి దూకి సోఫా కిందికి పోయింది. తడి చేత్తో ఎత్తి వేశాను, బతికింది, ఆ రోజు లెక్క పోయింది.

అయినా ఒక మాట గట్టిగా అనగలను. మా ఇంట్లో, మేపితే ఇది పెద్దగా పని చేయదు. ఇది చేపకు సేవ చేయడం లేదు, అన్నం తింటోంది.

మే 18

ఎండ 42 దాటింది. తొట్టి నీళ్లు 27 దాటకూడదని నా నియమం, మధ్యాహ్నానికి 30. నీటి మీదికి రెండు చిన్న ఫ్యాన్లు పెట్టాను. మన ఊరి పొడి గాలికి నీళ్లు ఆవిరై రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, చెన్నైలో అయితే ఇంత దిగదు. దానికి కట్టాల్సిన సుంకం రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి ఆ నాలుగు లీటర్లూ మంచి నీళ్లే పోయాలి.

నేను బ్యాంకులో ఉండగా అవ్వ నీటి మట్టం తగ్గడం చూసింది. పాపం, సాయం చేద్దామని, రాత్రి నింపి పెట్టుకున్న రాగి చెంబులోని నీళ్లు పోసింది. "మంచి నీల్లేమ్మే, పొద్దున్నే నేను తాగేటివే." నా గుండె ఆగింది. నీటిలో కరిగిన రాగి రొయ్యలకు విషం. గమ్మత్తేమిటంటే వాటి రక్తంలో ప్రాణవాయువును మోసేది కూడా రాగే. మనకు ఇనుమున్నట్టు వాటికి హీమోసయనిన్. కావాల్సినంతే కావాలి, పైన చిటికెడు పడితే చాలు, మొప్పలు పాడవుతాయి.

ఒక్క చెంబు, అదీ వంద లీటర్లలో. అయినా ముప్పై లీటర్లు మార్చి, ఫిల్టర్లో బొగ్గు సంచీ వేసి రాత్రంతా కూర్చున్నాను. కరెంటు ఒకసారి పోయింది, బ్యాటరీ గాలిమోటారు ఆదుకుంది. పొద్దునకు రెండు రొయ్యలూ నా వేలి మీద ఉన్నాయి.

అవ్వకు కోపం రాలేదు, ఆసక్తి పుట్టింది. కుర్చీ లాక్కుని తొట్టి ముందర కూర్చుంది. కోరల్ బ్యూటీ వచ్చి ఆగింది, రొయ్య ఎక్కింది. "ఓ, ఇదా! మన ఎనుము మీద గోమార్లు ఏరే కాకి. చెవిలోకి దూరినా ఎనుము గమ్మునుంటాది." అంతటితో ఆగలేదు. "కానీ చూడుమే, ఎనుముకు పుండుంటే ఆ కాకే పుండూ పొడస్తాది. గోమార్లు అయిపోతే ఇంగేం తింటాది?"

నేను రెండు రాత్రులు చదివింది అవ్వ రెండు మాటల్లో చెప్పేసింది. దిబ్బ మీద ఈ పనిలో పేరున్న ఇంకో జీవి క్లీనర్ రాస్ అనే చేప. దానికి పురుగులకన్నా చేప ఒంటి జిగురే ఇష్టం. అప్పుడప్పుడూ కొరికి జిగురు తింటుంది, చేప ఉలిక్కిపడి పారిపోతుంది. మే 4న మా కోరల్ బ్యూటీ జలదరించింది అందుకేనేమో. మరి సముద్రంలో గోమార్లంటే? నేథియిడ్లని చిన్న రక్తం పీల్చే పురుగులు, రాత్రిళ్లు చేపలను పట్టుకుంటాయి. అవి లేని తొట్టిలో నా రొయ్యలకు మిగిలింది చచ్చిన చర్మమూ, జిగురూ, పాప వేసే గింజలూ.

అసలు ఈ శుభ్రం వల్ల చేపలకు లాభముందా అన్నది పాత తగాదా. కాన్రాడ్ లింబా అనే అమెరికన్ డైవర్ బహామాస్‌లో రెండు చిన్న దిబ్బల మీదున్న క్లీనర్లను తీసేస్తే కొద్ది రోజుల్లో చేపలు చాలావరకు వెళ్లిపోయాయనీ, ఉన్నవాటికి పుండ్లు పడ్డాయనీ రాశాడు. ఆ వ్యాసం 1961లో అచ్చయింది, ఆయన అంతకు ముందు ఏడాదే ఫ్రాన్సులో నీటి గుహలో చనిపోయాడు. తర్వాత హవాయిలో అదే పని చేసినవాళ్లకు ఆ ఫలితం రాలేదు. రొయ్యలు నిజంగా పురుగులు తింటాయా అన్నది తేల్చడానికే 2004 దాకా పట్టింది, కడుపులో ఏముందో చూసి మరీ తేల్చారు. క్లీనర్ రొయ్యలు నిజంగానే శుభ్రం చేస్తాయన్నదే ఆ పత్రం పేరు. ఎంతమంది నవ్వుంటే అట్లాంటి పేరు పెట్టుంటారు!

మే 29

గీత గీయమన్న వాక్యం గుర్తుందా? కోరల్ బ్యూటీ రెక్కల మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు. సాయంత్రానికి క్లౌన్ చేపలకూ. క్రిప్టోకారియాన్, తెల్ల చుక్కల జబ్బు. చేప వెంటే వచ్చి, మే ఎండకు చేపలు నీరసపడ్డాక పైకి తేలింది.

"క్లీనర్ రొయ్య ఉంటే వైట్ స్పాట్ రాదు మేడం" అని అంగట్లో చెప్పారు. చాలామంది నమ్ముతారు కాబట్టి వివరంగా రాస్తాను. ఆ పరాన్నజీవి చేప చర్మం పైన కూర్చోదు, పై పొర కిందికి దూరి కూర్చుంటుంది. రొయ్య కాళ్లకు అది అందదు. కొన్ని రోజులు తిని, రాలిపోయి, ఇసుకలో రాళ్ల మీద గూడు కట్టి, వందల పిల్లలుగా పగిలి మళ్లీ చేపను వెతుక్కుంటుంది. జలగలూ, చేప ఒంటికి అతుక్కునే చదును పురుగులూ అయితే వేరు. ఆస్ట్రేలియాలో సాగు గ్రూపర్ చేపల మీద వాటిని తినడానికి రొయ్యలను వాడి చూసి 2018లో మంచి ఫలితమే చెప్పారు. తెల్ల చుక్కలకు మాత్రం రొయ్య మందు కాదు. దానికి ఎక్కువగా వాడే మందు రాగి. ఆ రాగిని రొయ్యల తొట్టిలో వేయలేం. అవ్వ చెంబు ముందే నేర్పింది.

మే 30

చేపలన్నింటినీ తీసేశాను. రెండు ప్లాస్టిక్ టబ్బులు, మూడు రోజులకొకసారి ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి. రాలిపడిన పురుగు పగిలేలోపే చేప ఇల్లు మారిపోతుంది. పన్నెండు రోజుల్లో నాలుగు మార్పులు. మందు లేదు, చాకిరీ మాత్రం ఉంది. తర్వాత స్పాంజి ఫిల్టరున్న పెద్ద టబ్బులో ఉంటాయి. పెద్ద తొట్టి 76 రోజులు చేపల్లేకుండా ఉండాలి, లోపలున్న పురుగులు ఆకలికి చావాలి.

జూన్ 8

గిరాకీ లేని అంగడి. అయినా రొయ్యలు ఊగుతున్నాయి! చేపల్లేవు, కానీ తొట్టి ముందర మనిషి కదిలితే చాలు.

వీటి చూపు గురించి 2016లో వచ్చిన పత్రం ప్రకారం ఇవి రంగులు చూడలేవు, కంటికి పదును కూడా తక్కువ. తన వీపు మీది ఎరుపూ తెలుపూ తనకే తెలియదు. ఆ వేషం చూసేవాళ్ల కోసం. కరీబియన్‌లో పెడర్సన్ అనే ఇంకో క్లీనర్ రొయ్య దగ్గరికొచ్చే చేపలు ఒంటి రంగు ముదురు చేసుకుంటాయనీ, రొయ్య ఆ ముదురు ఆకారానికి స్పందిస్తుందనీ 2018లో చూపించారు. పాప నోటుబుక్కు అట్టలు రెండు చేప ఆకారంలో కత్తిరించాం, ఒకటి నలుపు, ఒకటి తెలుపు. అద్దం బయట ఒక్కోటి పది నిమిషాలు. నలుపుకు 5, 8, 6. తెలుపుకు 4, 7, 2. దీంట్లోంచి ఏమీ తేలలేదు. పాప మాత్రం నల్లదే గెలిచిందని తేల్చింది.

జూన్ 14

చిన్నదాని పొట్ట కింద లేత ఆకుపచ్చ గుడ్లు. చిన్నాయనకు ఫొటో పంపితే వెంటనే ఫోను. "పొట్ట కింద మోస్తాదా? నీలకంఠ మాదిరి!" వనామీ గుడ్లను నేరుగా నీళ్లలోకి వదిలేస్తుంది. మంచినీటి నీలకంఠ రొయ్యా, ఇదీ ఒకే తెగవి, పొదిగేదాకా మోస్తాయి. ఆడది ఏదో, మగది ఏదో చెప్పమన్నాడు. ఇక్కడ కొంచెం కష్టపడ్డాను. చిన్నప్పుడు అన్నీ మగవే. పెద్దయ్యాక ఒక్కోటీ రెండూ. గుల్ల విడిచి మెత్తగా ఉన్నది ఆ రాత్రికి ఆడది, గట్టి గుల్ల ఉన్నది మగది. వచ్చేసారి పాత్రలు తిరగబడతాయి. ఒంటరిగా గుడ్లు పెట్టుకోలేవు, జత ఉండాల్సిందే. చిన్నాయన కాసేపాగి, "హేచరీ వాళ్లకు తెలిస్తే బ్రూడర్ (తల్లిదండ్రి రొయ్యల) ఖర్చు సగానికి సగం మిగులుతాది అంటారు" అన్నాడు.

జూన్ 29

రాత్రి లైటార్పిన గంటకు పిల్లలు రాలాయి. ఫోను టార్చి అద్దానికి ఆనిస్తే ఆ వెలుగు చుట్టూ దుమ్ములా మూగాయి. చేపలుండుంటే అరగంటలో మింగేసేవి. ఖాళీ తొట్టి ఇందుకు కలిసొచ్చింది. గరిటెతో ముంచి గుండ్రటి గాజు జాడీలోకి వేశాను, సన్నగా గాలి. పొద్దున లెక్కిస్తే నూట నలభై దాకా.

రొయ్య పిల్లలకు మేతగా పొదిగే ఆర్టీమియా అనే చిన్న ప్రాణుల గుడ్ల డబ్బా పట్టుకుని చిన్నాయన ఆ రాత్రే బస్సెక్కాడు. మా వంటగది హేచరీ అయింది. సీసాలో ఆర్టీమియా పొదగడం, వడగట్టడం, జాడీ అడుగు గొట్టంతో పీల్చడం, ముప్పై ఏళ్ల చేయి అది. నాకు చూస్తూ ఉండటమే పని.

జూలై 5

అరవై.

జూలై 11

పన్నెండో రోజు. ఒక్కటి కూడా మిగల్లేదు. చివరి రెండింటికీ కాళ్లు పుట్టాయి, పొడుగాటి రెండు కాళ్ల చివర్లు తెడ్లలా ఉన్నాయి. వనామీ అయితే ఈపాటికి పీఎల్, అంటే రొయ్య రూపం వచ్చిన పిల్ల, అయిపోయేదని చిన్నాయన బాధ. వీటికి నెలలు పడుతుంది. తొట్లలో పెంచిన వాళ్లకు నాలుగైదు నెలలు కూడా పట్టింది. అన్ని నెలలూ సముద్రంలో కొట్టుకుపోతూ, తిండి మారుస్తూ, రూపం మారుస్తూ, ఎక్కడో దిబ్బ తగిలితే దిగుతాయి. జాడీలో అంత సముద్రం లేదు. పెంచిన క్లీనర్ రొయ్యలు అంగట్లో ఎందుకు అరుదో ఇప్పుడు లెక్క కట్టొచ్చు: ఒక్క పిల్లకు ఐదు నెలల కూలి.

పోతూ పోతూ చిన్నాయన తొట్టిలో చేయి పెట్టాడు. పెద్దది వచ్చి ఆయన బొటనవేలి పగుళ్లలోకి దిగి పని మొదలుపెట్టింది. "లచ్చల రొయ్యలను పెంచినా. ఒక్కటన్నా ఇట్లా చేసిందా చూడు," అన్నాడు. బస్సు టైమైనా చేయి తీయలేదు.

ఆగస్టు 15

నిన్నటికి 76 రోజులు. టబ్బులో ఒక్క చుక్క కూడా కనపడలేదు. పొద్దున మూడు చేపలనూ పెద్ద తొట్టిలోకి వదిలాను. జెండా వందనం నుంచి పాప పరుగెత్తుకొచ్చింది. నిన్న ఉదయం నుంచి మేత లేదు.

పది నిమిషాల లెక్క. ఊగుడు: పెద్దది 9, చిన్నది 6. క్లౌన్లు ఎప్పటిలాగే పట్టించుకోలేదు. కోరల్ బ్యూటీ మూలలో దాక్కుంది. నాలుగో నిమిషంలో బయటికొచ్చింది, ఊగుతున్న రాతి ముందర రెండుసార్లు తిరిగింది, ఏడో నిమిషంలో ఆగింది. తల కిందికి. ఈసారి మొప్ప కూడా తెరిచింది. చిన్నది దాని అంచు పట్టుకుని ముందరి కాళ్లు రెండూ లోపలికి పెట్టింది. ఇరవై మూడు సెకన్లు. ఏదో పీకి నోట్లో పెట్టుకుంది. పురుగో, జిగురో, ఉత్త చర్మమో, అద్దానికి ముక్కు ఆనించి చూసినా తెలియలేదు. చేప జలదరించలేదు, అక్కడే ఉంది.

పాప మేత డబ్బా మూత తీసి నిలబడింది. ఇంకో పది నిమిషాలు ఆగమన్నాను.